మనసుకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

1904లో బెర్లిన్‌లో ఒక గుర్రం లెక్కలు చేస్తోందని తెలిసి జనం తండోపతండాలుగా చూడటానికి వెళ్లేవారు. గుర్రం పేరు హాన్స్. యజమాని ఫాన్ ఓస్టెన్ ఒకప్పటి లెక్కల మాస్టారు. "మూడూ నాలుగూ కలిపితే ఎంత?" అని అడిగితే హాన్స్ గిట్టతో నేలను ఏడుసార్లు తట్టి ఆగిపోయేది. భిన్నాలు చెప్పేది, తేదీలు చెప్పేది. మాస్టారు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. ఇందులో కిటుకేమైనా ఉందేమో తేల్చడానికి కార్ల్ స్టంఫ్ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడి ఆధ్వర్యంలో ఒక బృందాన్ని వేశారు. అందులో పశువైద్యుడు, సర్కస్ మేనేజరు కూడా ఉన్నారు. అందరూ పరిశీలించి మోసమేమీ లేదన్నారు. యజమాని పక్కన లేనప్పుడు వేరేవాళ్లు అడిగినా గుర్రం సరిగ్గానే చెబుతోంది మరి.

స్టంఫ్ శిష్యుడు ఆస్కార్ ఫుంగ్స్ట్ అక్కడితో వదల్లేదు. అడిగే మనిషికే జవాబు తెలియకుండా చేశాడు. ఒకరు గుర్రం చెవిలో ఒక అంకె చెబుతారు, ఇంకొకరు ఇంకో అంకె చెబుతారు. రెండూ కలిపితే ఎంతో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఇక హాన్స్ తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. అడిగేవాళ్లు కనపడకుండా కళ్లకు అడ్డం కట్టినా అంతే. అప్పుడు ఫుంగ్స్ట్ గుర్రాన్ని వదిలేసి మనుషులను గమనించాడు. ప్రశ్న అడిగాక గిట్ట వైపు చూస్తూ అందరూ తల కాస్త ముందుకు వంచుతున్నారు. సరైన అంకె దగ్గరికి రాగానే బిగబట్టిన ఒళ్లు సడలి, తల వెంట్రుకవాసి పైకి లేస్తోంది. గుర్రం చూసి ఆగుతున్నది ఆ కదలికనే. సంగతి తెలిశాక కూడా ఫుంగ్స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు. తర్వాత ప్రయోగశాలలో తానే గుర్రం పాత్ర తీసుకుని, ఎదుటివాళ్లు మనసులో అనుకున్న అంకెను చేత్తో తట్టి చూపించాడు.

మనస్తత్వ శాస్త్రం ఎందుకు శాస్త్రమైందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనపడలేదు. తెలివైనవాళ్లు, నిజాయితీపరులు కూర్చుని కళ్లారా చూసి కూడా పొరబడ్డారు. వాళ్ల తప్పును బయటపెట్టింది ఇంకా తెలివైన మనిషి కాదు, పరీక్ష పెట్టిన తీరు. "గుర్రానికి లెక్కలు వచ్చు" అనేది ఒక ఊహ. అది నిజమైతే అడిగేవాడికి జవాబు తెలిసినా తెలియకపోయినా గుర్రం ఒకేలా చెప్పాలి. కాబట్టి ఆ ఒక్క విషయాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏం జరుగుతుందో చూశారు. ప్రయోగం అంటే ఇదే. మార్చేదాన్ని స్వతంత్ర చరం అనీ, దాని వల్ల మారిందో లేదో చూసేదాన్ని పరతంత్ర చరం అనీ పాఠ్యపుస్తకాలు అంటాయి. పేర్లు మరిచిపోయినా పర్వాలేదు. "నా ఊహ తప్పైతే ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది?" అన్న ప్రశ్నను మాత్రం మరవకూడదు.

ప్రవర్తననూ, దాని వెనక నడిచే ఆలోచన, జ్ఞాపకం, భావోద్వేగం లాంటి మానసిక ప్రక్రియలనూ శాస్త్రీయంగా అధ్యయనం చేసేది సైకాలజీ అని నిర్వచనం చెబుతారు. చెప్పడానికి సులువే. చిక్కంతా ఒక చోట ఉంది. ప్రవర్తన కంటికి కనపడుతుంది, మనసు కనపడదు. కనపడనిదాని గురించి ఏది సాక్ష్యంగా ఒప్పుకోవాలి? ఈ సబ్జెక్టులో ఇన్ని వాదాలు, ఇన్ని దృక్పథాలు ఎందుకున్నాయో అర్థం కాక విద్యార్థులు తికమక పడతారు. నా ఉద్దేశంలో అవన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన వేర్వేరు జవాబులు. ఆ వరసలో చూస్తే చరిత్ర దానంతట అదే అర్థమవుతుంది.

మొదటి జవాబు: మనసు ఎవరిదో వాళ్లనే అడుగుదాం. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రానికంటూ మొదటి ప్రయోగశాల పెట్టాడు. ఒక శబ్దం వినిపించి, వినగానే మీట నొక్కమని, ఎంతసేపు పట్టిందో కొలిచేవారు. దాంతో పాటు, లోపల ఏం అనుభవమైందో గమనించి చెప్పమనేవారు. దీన్ని అంతఃపరిశీలన అంటారు. వుంట్ దగ్గర చదివిన టిచెనర్ అమెరికా వెళ్లి ఈ పద్ధతినే పట్టుకుని, అనుభవాన్ని దాని మూల భాగాలుగా విడదీయాలని చూశాడు. కానీ ఒక ప్రయోగశాలలో ఆలోచనతో పాటు మనసులో ఏదో ఒక బొమ్మ తప్పక మెదులుతుందన్నారు, ఇంకో ప్రయోగశాలలో ఏ బొమ్మా లేని ఆలోచనలు కూడా ఉంటాయన్నారు. ఎవరిది నిజమో తేల్చేదెలా? ఒకరి లోపల ఏముందో ఇంకొకరు చూడలేరు కదా. ఆ పద్ధతి అక్కడ ఆగిపోయింది.

అదే కాలంలో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. అర్థం లేని అక్షరాల గుంపులను తయారుచేసుకుని, తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. బట్టీ పట్టడం, కొంత సమయం పోయాక మళ్లీ పట్టడం, రెండోసారి ఎంత తక్కువ సమయం సరిపోయిందో లెక్కగట్టడం. మరపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుందని 1885లో ఆయన గీసిన వక్రరేఖ ఇప్పటికీ నిలబడింది. "నీకు ఎలా అనిపిస్తోంది" అని అడగకుండానే మనసును కొలవవచ్చని ఆయన చూపించాడు. వుంట్‌కు వచ్చినంత పేరు ఆయనకు రాకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అమెరికాలో జాన్ వాట్సన్ ఇంకో అడుగు ముందుకు వేసి, మనసు అనే మాటే వద్దన్నాడు. 1913లో ఆయన రాసిన వ్యాసంతో ప్రవర్తనావాదం మొదలైంది. ఏ ప్రేరణ ఇస్తే ఏ ప్రతిస్పందన వచ్చిందో అదే సాక్ష్యం, మిగతాది శాస్త్రం కాదు. వాట్సన్‌కు బలమైన ఆధారం రష్యా నుంచి దొరికింది. పావ్‌లోవ్ నిజానికి జీర్ణక్రియ మీద పనిచేసిన శాస్త్రవేత్త. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా దానికే. తిండి పెట్టకముందే, పెట్టబోయే సూచన అందగానే కుక్కలకు లాలాజలం ఊరడం ఆయన గమనించి, సంబంధం లేని రెండు విషయాలు పదే పదే కలిసి వస్తే ప్రాణి వాటిని ముడిపెట్టుకుంటుందని నిరూపించాడు. తర్వాత స్కిన్నర్ వచ్చి, ఒక పని తర్వాత ఏం దొరుకుతుందనేదాన్ని బట్టి ఆ పని మళ్లీ చేస్తామా మానేస్తామా అన్నది ఆధారపడుతుందని చూపించాడు. ఫోన్‌లో నోటిఫికేషన్ మోగకపోయినా మాటిమాటికీ తెరిచి చూసే అలవాటును అర్థం చేసుకోవడానికి స్కిన్నర్ ఇప్పటికీ పనికొస్తాడు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి అన్నిటికన్నా గట్టిగా పట్టేస్తుంది.

ఈ ప్రవర్తనావాదం మీద ఒక మచ్చ కూడా ఉంది. 1920లో వాట్సన్, రోసలీ రేనర్ కలిసి ఏడాది కూడా నిండని ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వాడి వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోది భయం నేర్పారు. తర్వాత వాడు కుందేలును చూసినా ఏడ్చాడు. ఆ భయాన్ని పోగొట్టే పని మాత్రం చేయలేదు. ఇవాళ ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు. పాల్గొనేవాళ్ల సమ్మతి, హాని లేకపోవడం, మధ్యలో మానేసే హక్కు అనే నియమాలు ఇలాంటి అనుభవాల నుంచే పుట్టాయి.

ప్రవర్తనావాదానికి దెబ్బ తగిలింది ఎలుకల దగ్గరే. 1930లో టోల్‌మన్, హోన్‌జిక్ కొన్ని ఎలుకలను రోజూ ఒక చిక్కుదారిలో వదిలారు. పది రోజుల పాటు చివర తిండి పెట్టలేదు. అవి ఇష్టం వచ్చినట్టు తిరిగాయి, తప్పు మలుపులు తీసుకున్నాయి. పదకొండో రోజున తిండి పెట్టారు. మర్నాడే ఆ ఎలుకలు, మొదటి నుంచీ తిండికి అలవాటుపడ్డ ఎలుకలంత చురుగ్గా దారి పట్టేశాయి. బహుమతి లేకుండానే అవి దారి నేర్చుకుని ఉన్నాయన్నమాట. నేర్చుకున్నది ఎక్కడ దాచుకున్నాయి? తలలో ఒక పటం ఉందని ఒప్పుకోక తప్పదు. తలుపు దగ్గర ఆపేసిన మనసు ఇలా మళ్లీ లోపలికి వచ్చింది. 1950ల తర్వాత కంప్యూటర్లు వచ్చి, సమాచారాన్ని తీసుకోవడం, నిల్వ చేయడం, వెలికితీయడం అనే భాష అందరికీ అలవాటయ్యాక, మనసు సమాచారాన్ని ఎలా వాడుకుంటుందో చూసే సంజ్ఞానాత్మక మనస్తత్వ శాస్త్రం నిలదొక్కుకుంది.

ఈ దృక్పథం బలం తెలియాలంటే 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం చూడాలి. విద్యార్థులకు కారు ప్రమాదం సినిమా ముక్క ఒకటి చూపించారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని అడిగారు. కొందరిని అదే ప్రశ్న "నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. రెండో గుంపు వేగం ఎక్కువ చెప్పింది. వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు ఏమైనా చూశారా అంటే, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మెత్తటి మాట విన్న 50 మందిలో 7 మందే అన్నారు. సినిమాలో పగిలిన గాజు అసలు లేదు. వాళ్లెవరూ అబద్ధం ఆడలేదు. జ్ఞాపకం అన్నది గుర్తుకు తెచ్చుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా కట్టుకునేది. కోర్టు సాక్షిని పోలీసులు ఎలా ప్రశ్నించాలన్న విషయంలో ఈ పరిశోధన తెచ్చిన మార్పు చిన్నది కాదు.

సాక్ష్యం మెదడులోనే వెతకాలనేది ఇంకో జవాబు. ఇక్కడ హెన్రీ మొలైసన్ గురించి చెప్పాలి. ఆయన చనిపోయే దాకా ప్రపంచానికి హెచ్.ఎం. అనే రెండక్షరాలుగానే తెలుసు. తీవ్రమైన మూర్ఛలు తగ్గించడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో, విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. చిన్నప్పటి సంగతులు చెప్పగలడు, చక్కగా మాట్లాడగలడు. మాట్లాడిన మనిషి గదిలోంచి వెళ్లి తిరిగొస్తే మాత్రం మళ్లీ కొత్తగా పరిచయం చేసుకోవాలి.

బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనకు ఒక పని ఇచ్చింది. అద్దంలో మాత్రమే చూస్తూ, రెండు గీతల మధ్య నుంచి నక్షత్రం బొమ్మ గీయాలి. ప్రయత్నిస్తే తెలుస్తుంది, చెయ్యి ఒకవైపు వెళ్లాలనుకుంటే ఇంకోవైపు వెళుతుంది. హెన్రీ మొదట అందరిలాగే తడబడ్డాడు. మూడు రోజుల్లో చేతికి పని వచ్చేసింది. కానీ ప్రతిసారీ "ఈ పని ఇంతకుముందు నేనెప్పుడూ చేయలేదు" అనే అనేవాడు. జ్ఞాపకం ఒకటి కాదని, జరిగిన సంగతిని గుర్తుంచుకోవడం, చేతికి పని రావడం మెదడులో వేర్వేరు దారులని దీంతో తేలింది. 2008లో, 82 ఏళ్ల వయసులో చనిపోయేదాకా హెన్రీ పరిశోధకులకు ఓపిగ్గా సహకరిస్తూనే ఉన్నాడు. జ్ఞాపకం గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో ఆయన పెట్టిన భిక్ష చాలా ఉంది.

ఫ్రాయిడ్ సంగతేమిటని అడుగుతారు. బయట జనంలో సైకాలజీ అంటే ఆయనే. మనోవిశ్లేషణ అనే ఆయన పద్ధతిలో సాక్ష్యం రోగి మాటలు, కలలు, నోరుజారిన మాటలు. మనకు తెలియకుండా మనసులో చాలా నడుస్తుందనే మాట నిలిచింది. అయితే ఆయన వివరణలను తప్పని తేల్చే మార్గమే దొరకదు. రోగి ఒప్పుకుంటే సిద్ధాంతం నిజం, ఒప్పుకోకపోతే ప్రతిఘటిస్తున్నాడు కాబట్టి అప్పుడూ నిజమే. హాన్స్‌కు పెట్టినలాంటి పరీక్ష ఇక్కడ పెట్టలేం. అయినా మన దేశంతో ఈ కథకు గట్టి ముడి ఉంది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో సమానుడిగా వాదించాడు. అంతకుముందే, 1916లో, కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా నాయకత్వంలో మనస్తత్వ శాస్త్ర విభాగం మొదలైంది. తర్వాత వచ్చిన కార్ల్ రోజర్స్, మాస్లో లాంటి మానవతావాదులు మనిషిని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్నారు. ఈనాటి కౌన్సెలింగ్‌లో తీర్పు చెప్పకుండా వినడం అనే పద్ధతి చాలావరకు రోజర్స్ చలవే.

చివరి జవాబు, ఒంటరి మనిషిలో కాకుండా చుట్టూ ఉన్న మనుషుల్లో వెతకమంటుంది. 1968లో లాటనే, డార్లీ కొందరిని ఒక గదిలో ఫారం నింపమని కూర్చోబెట్టి, గోడలోని సందులోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు కూర్చోమని ముందే చెప్పి పెట్టిన ఇద్దరి మధ్య ఉన్నవాళ్లలో 10 శాతమే కదిలారు. రోడ్డు మీద యాక్సిడెంట్ జరిగితే గుంపు చేరి కూడా ఎవరూ ముందుకు రాకపోవడాన్ని "ఈ రోజుల్లో మానవత్వం చచ్చిపోయింది" అని తిట్టిపోయడం తేలిక. కానీ ప్రతి ఒక్కరూ పక్కవాడి మొహం చూసి "అంత ప్రమాదమేమీ లేదేమో" అనుకోవడం, ఇంకెవరో ఫోన్ చేసే ఉంటారనుకోవడం అసలు కారణాలని తెలిస్తే దానికి మందు కూడా తెలుస్తుంది. దెబ్బ తగిలినప్పుడు "ఎవరైనా రండి" అని కాకుండా "నీలం చొక్కా అన్నా, నువ్వు 108కి ఫోన్ చెయ్యి" అని ఒకరిని పేరుపెట్టినట్టు పిలవాలి.

ఈ దృక్పథాల్లో ఏది సరైనదని అడగడం దండగ. ఇంటర్ చదివే అమ్మాయి పరీక్ష హాల్లో చెమటలు పట్టి అన్నీ మరిచిపోయిందనుకోండి. గుండె దడ వెనక ఉన్న కార్టిజాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ల గురించి జీవశాస్త్ర దృక్పథం చెబుతుంది. పోయినసారి మార్కులు తగ్గినప్పుడు అందరి ముందూ పడ్డ తిట్లకూ హాలుకూ ముడి ఎలా పడిందో ప్రవర్తనావాది చూస్తాడు. "ఇది పోతే నా జీవితం పోయినట్టే" అనే ఆలోచనను సంజ్ఞానాత్మక దృక్పథం పట్టుకుంటుంది. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టిన వీధిని సామాజిక మనస్తత్వ శాస్త్రం చూపిస్తుంది. టెన్షన్ ఒక్కటే, దాన్ని చేరే దారులు నాలుగు. మంచి వైద్యం సాధారణంగా వీటిలో ఒకటికన్నా ఎక్కువ దారులు వాడుతుంది.

శాఖలు అనేవి దృక్పథాలకు భిన్నం, అవి పని జరిగే చోటును బట్టి వచ్చినవి. పిల్లల ఎదుగుదల, ఉద్యోగాలు, నేరాలు, క్రీడలు ఇలా ఎన్నో. చదువుకు సంబంధించిన శాఖ మన ఇళ్లలో అందరికీ కావలసింది కాబట్టి ఒక్క ఫలితం చెబుతాను. 2006లో రోడిగర్, కార్‌పికీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వాళ్లకు 81 శాతం, రాసుకున్నవాళ్లకు 75 శాతం గుర్తుంది. వారం తర్వాత తిరగబడింది, చదివినవాళ్లకు 42 శాతం, రాసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది. పిల్లవాడు నాలుగోసారి నోట్సు చదువుతుంటే మురిసిపోయే బదులు, పుస్తకం మూయించి చెప్పించుకోవడం మేలు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది చాలామందికి తెలియదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, చికిత్స చేస్తారు, మందులు రాయరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అనే బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు కాబట్టి చదువేమిటో అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఎటూ తోచకపోతే 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ శాస్త్రం తన మీద తానే పెట్టుకున్న పరీక్ష గురించి కూడా చెప్పాలి. 2015లో పెద్ద పరిశోధక బృందం ఒకటి, పేరున్న పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. అసలు అధ్యయనాల్లో 97 శాతం ఫలితం వచ్చిందని చెప్పుకున్నాయి. మళ్లీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయి. ఇది విని సైకాలజీ అంతా బూటకమన్నవాళ్లున్నారు. నేను అలా అనుకోను. తన తప్పులను తానే లెక్కగట్టి అచ్చు వేసుకోవడం జాతకాలు చెప్పేవాళ్లు ఎన్నడూ చేయని పని. అప్పటి నుంచి ఎక్కువమందితో ప్రయోగాలు చేయడం, ఊహను ముందే నమోదు చేసి తర్వాతే సమాచారం సేకరించడం పెరిగింది.

రెండో లోపం మనకు నేరుగా తగిలేది. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఒక మాట గట్టిగా అన్నారు: మనిషి మనసు గురించి రాసిన సూత్రాల్లో అత్యధికం పాశ్చాత్య దేశాల కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి, ప్రపంచ జనాభాలో వాళ్లు చిన్న భాగం. ఒక చిన్న విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. తెలివితేటల పరీక్షల్లో, విన్న అంకెలను వరసగా తిరిగి చెప్పమనే భాగం ఒకటి ఉంటుంది. వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవారికి ఈ భాగంలో మార్కులు తక్కువ వచ్చేవి. 1980లో ఎల్లిస్, హెనెలీ పరిశీలిస్తే కారణం తెలివి కాదు. వెల్ష్ అంకెలను పలకడానికి ఇంగ్లీషు అంకెలకన్నా ఎక్కువ సమయం పడుతుంది, పలికేలోపు ముందువి జారిపోతాయి. అదే మనుషులు ఇంగ్లీషులో ఎక్కువ అంకెలు గుర్తుంచుకున్నారు.

తెలుగులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క అంకె కూడా ఒకే అక్షరంలో ముగియదు. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మనలో చాలామంది ఇంగ్లీషు అంకెల్లోకి వెళ్లిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మరి తెలుగు మీడియం పిల్లవాడికి ఈ పరీక్షను ఏ భాషలో పెట్టాలి? వచ్చిన మార్కును ఏ పిల్లల సగటుతో పోల్చాలి? మన దేశంలో ఇప్పటికీ వాడే బినే-కామత్ పరీక్షను వి.వి. కామత్ ఎన్నో దశాబ్దాల కిందట కన్నడ, మరాఠీ పిల్లల మీద ప్రామాణీకరించారు. ఒక పిల్లవాడికి మేధో వైకల్య సర్టిఫికెట్ రావాలా వద్దా అన్న నిర్ణయంలో ఆ పరీక్షలో వచ్చిన అంకె కూడా లెక్కలోకి రావచ్చు. తెలుగు పిల్లల మీద, తెలుగులో, ఊళ్లలోనూ పట్నాల్లోనూ కొత్తగా సగటులు కట్టే పని మన విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాలే చేయాలి. ఒక పీహెచ్‌డీ విద్యార్థి, కొన్ని బడులు, ఓపిక ఉంటే ఆ పని మొదలుపెట్టవచ్చు.